నవ్వుతూ తిట్టే మేనేజరు

క్షమించేస్తే మనసు తేలికవుతుందని మా ఫ్లాటులో ఉండే అక్క అప్పుడప్పుడు నాకు హితబోధ చేస్తుంది. నా మనసు నాకేమీ బరువుగా లేదు. ఆ మేనేజరును నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. కువైట్‌లో అల్ రాయ్ అనే చోట ఒక మీటింగు గదిలో ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయిన ఆ మధ్యాహ్నాన్ని తల్చుకుంటే, ఇప్పటికీ నాకు నాలుగు ముద్దలు ఎక్కువ తినాలనిపిస్తుంది. అదెలా జరిగిందో, దానివల్ల నాకేం ఒరిగిందో చెబుతాను.

మాది అన్నమయ్య జిల్లా. కడపలో ఇంజనీరింగు చదివి, కువైట్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వీసా మీద ఇక్కడికి వచ్చాను. మా వైపు ఆడమనిషి కువైట్‌కి పోయిందంటే ఇంటి పనికి పోయిందనే అర్థం. సాఫ్ట్‌వేర్ అని చెప్తే ఇప్పటికీ కొందరు నమ్మరు, ఏదో దాస్తున్నానని జాలిగా చూస్తారు. నా పని టెస్టింగు. ప్రోగ్రామర్లు రాసిన దాన్ని వాడి చూసి, ఎక్కడ తప్పుందో పట్టుకుని వాళ్ళ మొహాన చెప్పడం.

ఇష్టాలు లేవని అబద్ధమాడను. ఆ పని నాకు చాలా ఇష్టం. అంతా అయిపోయిందని ధీమాగా కూర్చున్నవాడి దగ్గరికి వెళ్ళి, ఇదిగో ఇక్కడ విరిగిందని చూపించడంలో ఉన్న సుఖం నా స్వభావానికి సరిగ్గా సరిపోయింది. నా పక్క సీటులో జగిత్యాల నుంచి వచ్చిన ప్రోగ్రామరు ఒకాయన ఉండేవాడు, నేను జగిత్యాల అన్న అంటాను. ఆయన రాస్తాడు, నేను విరగ్గొడతాను. పొద్దున్నంతా పోట్లాడుకుని మధ్యాహ్నం డబ్బాలు పంచుకునేవాళ్ళం. నా పప్పులో కారం ఎక్కువని ఆయన, ఆయన పచ్చిపులుసులో ఏమీ లేదని నేను. గురువారం మధ్యాహ్నమైతే ఆఫీసంతా పెళ్ళివారిల్లే. శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి ఆ పూట ఎవరూ ఎవరి మీదా కోపం తెచ్చుకోరు. నేను ఇక్కడి సబా అల్ సలేంలో ఇళ్ళు కడిగి, మోకాళ్ళు అరగదీసుకుని ఊరికి తిరిగొచ్చిన పిన్నమ్మల మధ్య పెరిగిన దాన్ని. చల్లటి గదిలో కూర్చుని, ఆలోచించినందుకు జీతం తీసుకోవడం ఎంత గొప్పో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయిష్టం మాత్రం ఒక్కటే. ఆ మేనేజరే.

ఆయనది గోదావరి వైపు. ఆ ప్రాంతంతో నాకే గొడవా లేదు, నా ప్రాణస్నేహితురాలిది రాజోలు. అయితే ఆ యాసలో ఉండే తియ్యదనాన్ని ఈయన వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకుని ఉండరు. మేం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను కొనేవాళ్ళ ముందు నడిపి చూపించడాన్ని డెమో అంటారు. డెమోలో మాట్లాడేది ఆయన. పక్కన కూర్చుని కంప్యూటరు నడిపేది నేను. కొనేవాళ్ళు కువైటీలు, వాళ్ళ అకౌంటెంట్లు ఈజిప్టువాళ్ళు, కంప్యూటర్లు చూసుకునేది మలయాళీలు. తెలుగు తెలిసినవాళ్ళు ఆ గదిలో మేం తప్ప ఉండరు. అది ఆయన కనిపెట్టాడు.

తెర మీద ఏ చిన్న పొరపాటు కనిపించినా ఆయన నా వైపు తిరిగేవాడు. మొహం నిండా నవ్వు. గొంతు చంటిపిల్లకు జోలపాడుతున్నంత మెత్తగా ఉండేది. మాటలు మాత్రం ఇలా ఉండేవి: "నవ్వండమ్మా, నవ్వండి. బుర్రలో గుజ్జుందా అండి తమరికి? గేదెని తెచ్చి ఆ కుర్చీలో కూచోబెట్టినా ఇంతకంటే బాగా చేసేదండి. ఆయ్, తల ఊపండి. మీ బాబు మిమ్మల్ని చదివించే బదులు ఆ డబ్బులతో నాలుగు మేకల్ని కొనుక్కోవాల్సిందండి." నేను నవ్వుతూ తల ఊపాలి. చూసేవాళ్ళకి ఆయన నాకేదో ఓపిగ్గా నేర్పిస్తున్నట్టు ఉంటుంది. ఒకసారి డెమో అయ్యాక ఒక ఈజిప్టు పెద్దాయన నా దగ్గరికొచ్చి, నీ మేనేజరు ఎంత మృదువుగా మాట్లాడతాడో, నువ్వు అదృష్టవంతురాలివి అన్నాడు. తిట్లకన్నా ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు లిఫ్టులో ఏడ్చాను. ఏడ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, ఆ కోపాన్ని కూడా ఆయన ఖాతాలోనే వేశాను.

జగిత్యాల అన్న కూడా తిట్లు తినేవాడు గానీ, చెవులకు తాళం వేసుకోవడం ఆయనకు చేతనయ్యేది. "ఇడిసిపెట్టు చెల్లె. గాయన నోరే గంత" అనేవాడు. నాకు ఇడిసిపెట్టడం రాదు.

బయటపడే దారి ఒకటి దొరికింది. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీ నన్ను టెస్టింగ్ లీడుగా తీసుకుంటామంది. నాలుగు ప్రశ్నలడిగి, నాలుగు మంచి మాటలు చెప్పి, మీ కంపెనీ రిలీజ్ ఇస్తే చాలు వచ్చి చేరమన్నారు. ఇక్కడ ఆ 'చాలు' చిన్నది కాదు. ఈ దేశంలో ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి ఇఖామా, నాది మా కంపెనీ పేరు మీద ఉంది. మా కఫీల్, అంటే మా కంపెనీ యజమాని, సంతకం పెట్టి వదిలితే తప్ప అది ఇంకో కంపెనీకి మారదు. యజమాని మేనేజరు మాట వింటాడు. కాబట్టి నా రిలీజ్ ఆయన చేతిలో ఉంది. వెళ్ళి అడిగాను.

"అల్ రాయ్ ప్రాజెక్టు ఒకటి అయిపోనివ్వండమ్మా. క్లయింటు సంతకం పెట్టిన మర్నాడే మీ రిలీజు నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన అబద్ధమాడలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. నన్ను వదిలించుకోవాలని ఆయనకీ ఉంది. సంతకం పడితే నేను బయటికి, పడకపోతే లోపలే. లెక్క అంత తేలిక.

అల్ రాయ్ క్లయింటుకి కార్లు రిపేరు చేసే షెడ్లున్నాయి. ఏ కారు ఎక్కడ ఉంది, ఏ సామాను రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇదంతా మా సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి. మొదట్లో ఆ షెడ్లున్న కుటుంబం అబ్బాయి మాతో మాట్లాడేవాడు. మధ్యలో అతను వేరే వ్యాపారంలోకి పోయి, షెడ్లన్నీ చెల్లెలి చేతికి వచ్చాయి. కొత్త యజమానురాలిని కలిసి ఆమెకేం కావాలో తెలుసుకుని రావాలి. మేనేజరే స్వయంగా వెళ్ళాల్సింది. "ఆడపిల్లే కదండీ, మీరెళ్ళి నాలుగు ముక్కలు రాసుకు రండి" అని నన్ను పంపాడు.

ఆమె ఆఫీసు షెడ్డు పైన. కింద రేకులు కొడుతున్న చప్పుడు, పెయింటు వాసన. నాకన్నా ఓ రెండు మూడేళ్ళు పెద్దదేమో, నల్లటి అబాయా, మొహంలో ఎక్కడా మొహమాటం లేదు. అడగాల్సినవన్నీ అడిగింది. తెర మొత్తం అరబిక్‌లో కనిపించాలని, తన మేస్త్రీలకు ఇంగ్లీషు రాదని కచ్చితంగా చెప్పింది. పని అయ్యాక కాఫీ తెప్పించి, మీ కంపెనీలో పనిచేయడం ఎలా ఉంటుంది, ఏం నచ్చుతుంది, ఏం నచ్చదు అని ఇంగ్లీషులో ఊరికే అడిగింది. అంతా బాగుంటుంది మేడమ్ అన్నాను. ఇఖామా ఇంకొకరి చేతిలో ఉన్న ఎవరైనా అదే చెబుతారు.

అప్పుడామె ఫోన్ మోగింది. కిటికీ వైపు తిరిగి ఎత్తింది.

"యమ్మా, అన్నం తింటివా? మాత్ర ఏసుకుంటివా? ఏసుకోకుంటే నేనొచ్చి తిడ్తా సూడు."

తెలుగు, అదీ అచ్చం మా వైపు తెలుగు. ఆమె ఫోన్ పెట్టేసి నా మొహం చూసి పకపకా నవ్వింది. ఇంగ్లీషులో సంగతంతా చెప్పింది. ఆమె పుట్టకముందే కడప వైపు నుంచి ఒకామె జాబ్రియాలో ఉన్న వాళ్ళ ఇంటికి పనికొచ్చిందట. తల్లి ఉద్యోగానికి వెళ్ళిపోతే పెంచింది ఆమేనట. కన్నతల్లిని మామా అని, ఈ పెంచిన తల్లిని యమ్మా అని పిలుస్తుందట. ఇప్పుడు ఆ యమ్మకు మోకాళ్ళ నొప్పులు, పని చేయనివ్వరు, వంటింట్లో కుర్చీ వేసుకుని అందరి మీదా పెత్తనం చేస్తుంది. "పెద్ద పెద్ద మాట్లు రావు. ఇంట్లో మాట్లే" అని చివర్లో తెలుగులోకి మారి, "మీ ఊర్లో చెనక్కాయలు పండ్తాయా?" అని అడిగింది. పండుతాయన్నాను. యమ్మ వాటి గురించి చెప్పని రోజు లేదట.

తిరిగొస్తూ దారంతా నాకు ఒకటే ఆలోచన. మేనేజరుకి చెప్పాలి. ఆయన మీద ప్రేమతో కాదు. డెమోలో ఆయన నోరు జారితే సంతకం పడదు, సంతకం పడకపోతే నా రిలీజ్ లేదు. చెప్పడానికే నేరుగా ఆయన క్యాబిన్‌కి వెళ్ళాను. ఇది నిజం.

ముందు పని సంగతి చెప్పాను. అరబిక్ తెర మీద కారు నంబరు తిరగబడుతోంది. ఇక్కడి కార్ల నంబర్లలో రెండు భాగాలుంటాయి. అరబిక్ కుడి నుంచి ఎడమకి పోతుంది కాబట్టి ముందుండాల్సిన భాగం వెనక్కి పోతోంది. అది నేను ముందే పట్టుకున్నాను, జగిత్యాల అన్న సరిచేస్తానని టైము అడిగాడు, ఈయనే వద్దన్నాడు. ఇప్పుడు ఆ క్లయింటు అరబిక్‌లోనే చూస్తానంటోంది, బాగుచేయించండి సార్ అన్నాను.

ఆయన క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. బయట అందరూ ఉన్నారు. క్లయింట్లు ఎవరూ లేరు కాబట్టి నవ్వనక్కర్లేదు.

"మీ సీమోళ్ళకి కత్తులు తిప్పడం తప్ప మౌస్ తిప్పడం రాదేంటండీ? అరబిక్ స్క్రీన్ జోలికి మనం పోం. ఆవిడని మాటల్లో పెట్టుకోవడం నాకు తెలుసు. మీరు కూచుని నొక్కమన్నది నొక్కండి, అంతే."

బయట ఎవరో కిసుక్కుమన్నారు. నేను చెప్పాలనుకున్న రెండో మాట నాలుక మీదే ఉంది. దాన్ని మింగేశాను. మరిచిపోయి కాదు, భయపడి కాదు. కావాలని మింగాను, మింగుతున్నప్పుడు హాయిగా కూడా అనిపించింది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాక జగిత్యాల అన్నకు మాత్రం సంగతి చెప్పాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"అరె, ముందుగాల గాయనకు జెప్పు చెల్లె. ఆమె ముంగట నోరు జారిండంటే ప్రాజెక్టు పాయె, నీ రిలీజు గూడ పాయె."

"తెలుసులేన్నా."

"తెల్సి గూడ జెప్పవా?"

"చెప్పను."

"మరి నేను జెప్పనా?"

"నువ్వు చెప్తివంటే నీతో నేను మళ్ళా మాట్లాడను." ఆయన నా మొహం చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

డెమో రోజు వచ్చింది. మీటింగు గదిలో ఆమె, ఆమె అకౌంటెంటు. ఇటువైపు మేం ముగ్గురం. మేనేజరు కొత్త సూటు వేసుకుని, నేర్చుకున్న నాలుగు అరబిక్ పలకరింపులు పలికి, ఆమె షెడ్లను, ఆమె తండ్రిని, ఆమె ఇచ్చిన కాఫీని పొగిడాడు. చాలాసేపు బాగానే నడిచింది. నేను నొక్కమన్నది నొక్కుతూ ఉన్నాను. ఇక ఆయన సంతకాల మాట ఎత్తబోతుండగా ఆమె, అరబిక్‌లో చూపించండి అంది. ఆయన మాట మార్చాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన నా వైపు తల ఊపాడు, నేను తెర మార్చాను.

నంబర్లన్నీ తిరగబడి ఉన్నాయి. ఆమె వెంటనే పట్టేసింది. ఇది నా కారు నంబరు, ఇలా ఉంటే మా మేస్త్రీ ఇంకొకరి కారు విప్పుతాడు అంది.

ఆయన నా వైపు తిరిగాడు. వచ్చేసింది ఆ నవ్వు.

"నవ్వండమ్మా. నా కొంప ముంచడానికే పుట్టారండి తమరు. మిమ్మల్ని కన్న తల్లి ఆ రోజు ఏం తిని కన్నదో గానీ, ఇంత దద్దమ్మని నేను జన్మలో చూళ్ళేదు. ఆయ్, తల ఊపండి."

తల ఊపాను. ఆ రోజు నా నవ్వు మొదటిసారిగా అసలైన నవ్వు. జగిత్యాల అన్న బల్ల కింద నా కుర్చీని కాలితో తంతున్నాడు. ఆపమనే కాబోలు. నేనాపలేదు. ఆమె ఆయన వైపే చూస్తోంది. ఆమెకి నంబర్ల గురించే కోపం వచ్చిందనుకుని ఆయన ఇంకా మెత్తగా, ఇంకా తియ్యగా కొనసాగించాడు.

"ఈ మహాతల్లి మొహం చూడండి ఎలా పెట్టిందో. బాబు సొమ్ము, పిల్ల షోకు. నట్టేదో బోల్టేదో తెలీదు గానీ అరబిక్ కావాలంట."

ఆమె చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది.

"ఏందిరా ఆ మాట్లు?"

ఆయన తలుపు వైపు చూశాడు. గదిలోకి ఎవరో వచ్చారనుకున్నాడు.

"నిన్నే. ఆ పాపనెందుకు తిడ్తాండావు? వాళ్ళమ్మనెందుకు అంటాండావు? ఇంగోసారి అంటివంటే నోట్లో కారప్పొడి పోస్తా, తెలుసునా?"

ఆయన తలుపు మీంచి చూపు తిప్పి సూటు సవరించుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో, మేడమ్, మీరు అపార్థం చేసుకున్నారు, అది మా వైపు ముద్దుగా అనే మాట అని మొదలుపెట్టాడు.

"అబద్దాలు సెప్పాకు. కండ్లు పోతాయి."

ఆమెకి వచ్చిన తెలుగంతా చంటిపిల్లను పెంచిన తెలుగు. అందులో మీరు లేదు, గారు లేదు, అండి అసలే లేదు. కోపమొస్తే యమ్మ తనను ఎలా గదమాయించిందో అలాగే గదమాయించింది. టీ తెచ్చేవాడు కూడా తనను సార్ అనాలని పట్టుబట్టే మనిషి, తన కింద పనిచేసే ఇద్దరి ముందు, ఒరే అనిపించుకుంటూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలియదు. జగిత్యాల అన్నకు దగ్గు వచ్చింది, ఆ దగ్గు ఎంతకీ తగ్గలేదు. నేను తల వంచుకోలేదు. ఆయన మొహంలో ప్రతి మార్పునూ తీరిగ్గా చూశాను. ఆ లిఫ్టు, ఆ ఈజిప్టు పెద్దాయన, ఆ మేకలు, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటూ చూశాను.

ఆమె నా వైపు తిరిగి ఇంగ్లీషులో, ఈ నంబరు తప్పు నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసు మేడమ్, ఆయనకు చెప్పాను అన్నాను. "యల్లా, ఇక పదండి" అని ఆమె లేచింది. డెమో అయిపోయింది.

వచ్చేటప్పుడు కారు ఆయనే నడిపాడు. సగం దారిలో టై వదులు చేసుకున్నాడు. తర్వాత అద్దంలో నన్ను చూస్తూ, అండి లేకుండా, నవ్వు లేకుండా అడిగాడు.

"ఆవిడకి తెలుగొచ్చని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"మరి చెప్పలేదేం?"

"మీరు నొక్కమన్నది నొక్కమన్నారు గద సార్" అన్నాను, మొహం నిండా నవ్వుతూ. ఎంత మండుతున్నా నవ్వుతూ మాట్లాడడం నేర్పింది ఆయనే.

ప్రాజెక్టు పోయిందనే అనుకున్నాను. రిలీజ్ మీద ఆశ వదులుకుని, ఆ పూటకి ఆ ఆనందంతోనే సరిపెట్టుకున్నాను. కానీ ఆమె మా యజమానికి ఫోన్ చేసి, సంతకం పెడతానంది. రెండు షరతులు. ఆ మనిషి తన షెడ్ల గడప తొక్కకూడదు. ఈ సాఫ్ట్‌వేర్ తన దగ్గర నడిచినన్నాళ్ళు దాన్ని చూసుకునేది నేనే కావాలి. నాకు మేలు చేస్తున్నాననుకుంది పాపం. అది తెలిసిన రోజు జగిత్యాల అన్న ఆఫీసందరికీ స్వీట్లు పంచాడు.

మేనేజరు పెద్ద క్లయింటు మొహం చూడలేని మేనేజరు అయిపోయాడు. అలాంటివాడు యజమానికి ఎందుకు? ఆయన అడగీ అడగకముందే రిలీజ్ చేతిలో పెట్టేశారు. షర్క్‌లో సముద్రం కనిపించే ఆఫీసులో, ఇంకా పెద్ద కంపెనీలో చేరాడు. వెళ్ళే రోజు కేకు కోసి, ఈ కుటుంబాన్ని వదిలి వెళ్ళాలంటే బాధగా ఉందని ఉపన్యాసం ఇచ్చాడు. నేను కేకు తిన్నాను. బాగానే ఉంది.

ఆ మర్నాడు యజమాని దగ్గరికి వెళ్ళాను. ప్రాజెక్టు సంతకం అయింది, నా రిలీజ్ ఇప్పించండి అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, తన చేత్తో ఖర్జూరం పళ్ళెం నా ముందుకు జరిపి, నువ్వు నా కూతురి లాంటిదానివి అన్నాడు. క్లయింటు పేరు పెట్టి నిన్నే అడుగుతుంటే నిన్నెలా వదులుకుంటాను, జీతం పెంచుతాను, ఆ క్యాబిన్ నీదే, రిలీజ్ మాట మాత్రం ఖలాస్, మళ్ళీ ఎత్తకు అన్నాడు. ఆయన కూడా నవ్వుతూనే చెప్పాడు, పైగా తిట్టలేదు. తిడితే నాకేం చేయాలో తెలిసేది. ఖర్జూరం తిని బయటికొచ్చాను. ఆస్పత్రుల కంపెనీ కొన్నాళ్ళు చూసి ఇంకొకరిని తీసుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం జగిత్యాల అన్న తన డబ్బా తీసుకుని నా కొత్త క్యాబిన్‌లోకే వచ్చాడు. ఎప్పటిలాగే డబ్బాలు పంచుకుని తిన్నాం.

"ఒక మాటంట, ఏమనుకోకు చెల్లె" అన్నాడు చివరికి. "నువ్వు ముందుగాల్నే జెప్పుంటే గాయన నోరు కట్టేసుకుంటుండె. సంతకం పడుతుండె, నువ్వు కొత్త ఆఫీసుల ఉంటుంటివి. గాయన గిక్కడ్నే పడుంటుండె. పగ నువ్వు దీర్చుకున్నవ్, రిలీజు గాయనకొచ్చె."

అందులో ఒక్క అక్షరం కూడా కాదనలేను. నీళ్ళు తాగాను. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆయన నొచ్చుకున్నాడు.

"పోనీ, ఆ దినమే మళ్ళొస్తే ఇప్పుడన్న జెప్తవా?"

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. షర్క్‌లో సముద్రం, ఆస్పత్రుల కంపెనీలో నా సీటులో కూర్చున్న ఎవరో మనిషి, ఈ క్యాబిన్, అన్నీ లెక్కలోకి తీసుకునే ఆలోచించాను.

"చెప్పను" అన్నాను.

ఆయన డబ్బా మూసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ కుర్చీ ఎత్తు నాకు సరిపోయేలా తగ్గించుకుని, అల్ రాయ్ పని ముందేసుకున్నాను.